పేరు రాయని సీసాలు

ఆదివారం మా కాలనీ తోటలో విత్తనాలు దాచుకోవడం గురించి చెప్పాను. వాలంటీర్‌గా ఇది మూడోసారి, అయినా టెన్షనే.

టమాటాతో మొదలుపెట్టా. బాగా పండిన కాయ గింజల్ని గుజ్జుతో సహా 2-3 రోజులు పులియనివ్వాలి. మొలకను ఆపే జిగురు పొర ఊడిపోతుంది. గట్టి గింజలు అడుక్కి చేరతాయి, తాలు గింజలు తేలతాయి. తర్వాత కడిగి నీడన ఆరబెట్టడమే. వాసనకి ముందు వరుస మొత్తం ముక్కులు మూసుకుంది!

"పోయినేడు దాచిన గుమ్మడి గింజలకి వేరే రకం కాయలు కాశాయేంటండీ?" అని ఒకావిడ అడిగారు. తేనెటీగల పని. పక్క మడిలోని ఇంకో రకం గుమ్మడి పుప్పొడి తెచ్చి ఆడపువ్వుకి అంటిస్తే గింజ కలగలిసిపోతుంది. రకం నిలబడాలంటే విచ్చుకోబోయే మొగ్గలకి సాయంత్రమే సంచీ కట్టి, పొద్దున్నే మగపువ్వు పుప్పొడిని మనమే ఆడపువ్వుకి రాయాలి. టమాటా, బీన్స్‌కి ఈ బెడద తక్కువ, ఎక్కువగా ఎవరి పువ్వులో వాళ్లే సర్దుకుంటాయి. కొత్తవాళ్లు వాటితోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇంత చెప్పిన నేను తెచ్చిన రెండు సీసాలమీదా పేర్లు లేవు. ఒకటి వంగ, ఒకటి మిరప. ఏది ఏదో!

"తడిగుడ్డలో పది గింజలు కట్టి చూద్దామా?" అన్నాడో పిల్లాడు. ఎన్ని మొలుస్తాయో తెలుస్తుంది గానీ పేరెలా తెలుస్తుందిరా నాయనా! రెండు సీసాలూ వాడే పట్టుకెళ్లాడు, పెంచి చెబుతాడట.