న్యూస్ రీలు అయ్యేదాకా కదలనివ్వని మాస్టారు

మన బడి పాత విద్యార్థుల సమావేశ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు కోరారు. చింతచెట్టు కింది పంచాయితీ గురించి పొడుగు చిట్టి ఎలాగూ రాస్తాడు. హెడ్మాస్టారి సైకిలు కథ మీద హక్కు వెనక బెంచీ వారిది. నేను మన సోషల్ మాస్టారి గురించే రాస్తాను.

టూరింగ్ టాకీసులో అసలు సినిమాకు ముందు ప్రభుత్వ సంస్థ ఫిలిమ్స్ డివిజన్ వారి వార్తాచిత్రం ఇండియన్ న్యూస్ రివ్యూ పడగానే నేల టిక్కెట్టు వాళ్లు సగం మంది బీడీలకు లేచేవారు. మాస్టారు మనల్ని కదలనిచ్చేవారు కాదు. పట్టణాల్లో ఆడి గీతలు పడ్డ ప్రింటు మనదాకా వచ్చేసరికి వార్త ఎప్పుడో పాతబడేది. "పాతబడింది కాబట్టే చూడండి, ఇప్పుడది చరిత్ర" అనేవారు.

నాగార్జునసాగర్ కడుతున్నప్పటి రీలు వేసిన రాత్రి మీకూ గుర్తుండే ఉంటుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారనీ, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారనీ అప్పటికే మనకు కంఠస్థం. మాస్టారికి అది చాలలేదు. "ఆ వ్యాఖ్యాత గొంతును పక్కనపెట్టి బొమ్మ చూడండి. నాయకుల వెనక ఎవరున్నారు? కాళ్లకు చెప్పులున్నాయా? రాయి ఎత్తుతున్నది ఎవరు?" మర్నాడు తరగతిలోనూ అవే ప్రశ్నలు. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచి, "మాస్టారూ, పరంజా మీద రాయి మోస్తున్నది మా అమ్మండీ" అంది. మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టి, ఆమెను ముందుకు పిలిచి, తన కుర్చీలో కూర్చోబెట్టారు. గంట కొట్టేదాకా ఆమె చెప్పింది, మనం విన్నాం. కూలి ఎంతో, పసిపిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టేవారో, రాయి జారితే ఏమయ్యేదో అన్నీ చెప్పింది. నేను చదువుకున్న చరిత్రలో అంతకంటే గొప్ప పాఠం లేదు.

తర్వాత పరీక్షలు, కాలేజీ, పెళ్లి. ఉద్యోగం నన్ను పుణెకు చేర్చింది, పాత ఫిల్ములు భద్రపరిచే పనిలో. డబ్బా మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము చెడుతోందని అర్థం. కుంచించుకుపోయి వంకర తిరగకముందే దాన్ని కాపాడుకోవాలి. ఆ రోజుల్లో వార్తా దృశ్యాలను ఎక్కువగా శబ్దం లేకుండానే తీసి, వ్యాఖ్యానం, సంగీతం తర్వాత కలిపేవారు. అందుకే ఆ తల్లి ముఖం మిగిలింది కానీ మాట మిగల్లేదు. 1946లో ప్రభుత్వ వార్తాచిత్ర విభాగం మూతపడింది. ఫిలిమ్స్ డివిజన్ వచ్చింది 1948లో. స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రి సర్కారుకు సొంత చిత్రీకరణ బృందమే లేదు! ఇది తెలిసిననాడు మాస్టారికి చెప్పాలని ఎంతగానో అనిపించింది, అప్పటికే ఆయన లేరు.

నేను తయారుచేసిన సూచికల్లో ఎక్కడా 'కూలీలు' అని ఒక్క మాట రాసి వదిలేయలేదు. వాళ్ల కట్టు, పనిముట్టు, చేసే పని అన్నీ రాశాను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు నేటికీ అలాగే రాస్తున్నారు.

సమావేశానికి వచ్చేటప్పుడు సాగర్ పనుల్లో ఉన్న మీ పెద్దల పాత ఫోటోలు తీసుకురండి. వెనక పేర్లు రాసి తెండి. పాత రీళ్లలోని ముఖాలతో పోల్చి చూద్దాం.