నేనడిగింది రజూలా, వచ్చింది రోనా

మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేసరికి మా అత్త వసారాలో కూర్చుని ఉంది, ఒళ్ళో రిజిస్టర్ పోస్టు కవరు. "ఏమ్మా, నీ వాడ వచ్చింది, సంతకం పెట్టి తీసుకున్నా" అంది. వాడంటే మా వైపు ఓడ, కవర్లో ఉన్నది పాత ఓడ బొమ్మ పోస్టుకార్డు. పది రోజులుగా ఎదురుచూస్తున్నది దీని కోసమే కాబట్టి నిలబడే కత్తెర అందుకున్నాను, మళ్ళీ బుద్ధొచ్చి వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కుని ఫ్యాను కింద ఆరబెట్టుకుని వచ్చాను. రెండేళ్ళ కింద ఊరిబిండి తిన్న చేత్తో ఒక కార్డు మూల పట్టుకుంటే పడిన మరక ఇప్పటికీ నన్ను వెక్కిరిస్తూనే ఉంది.

పాత ఓడల పోస్టుకార్డులు పోగుచేస్తానంటే అందరూ టైటానిక్ ఉందా అనడుగుతారు. లేదు. టైటానిక్ పేరుతో వచ్చిన పాత కార్డుల్లో చాలావాటి మీద ఉన్నది దాని జంట ఓడ ఒలింపిక్ బొమ్మేనని చెబితే కొంచెం నిరాశపడి మాట మారుస్తారు. నాకు కావలసింది ఒక్క ఓడే, రజూలా. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది, 1926లో గ్లాస్గోలో కట్టారు, ఎనిమిది వేల టన్నుల పైచిలుకు. మద్రాసులో బయల్దేరి నాగపట్నం మీదుగా పినాంగు, సింగపూరు పోయేది. యుద్ధకాలం తీసేస్తే దాదాపు యాభై ఏళ్ళు అదే దారిలో తిరిగి, 1973లో మన షిప్పింగ్ కార్పొరేషన్ చేతికొచ్చి రంగత్ అని పేరు మార్చుకుని, మరుసటేడే బొంబాయిలో ముక్కలై పాత ఇనుముకి పోయింది.

మా అవ్వ అన్న ఆ వాడెక్కినాడు. పలమనేరు దగ్గర పల్లె, చేనులో ఏమీ పండక, 1938లో ప్రభుత్వం మలయాకి కూలీలను పంపడం ఆపేయక ముందే వెళ్ళిపోయాడు, రబ్బరు తోటలకి. వారం రోజులు నీళ్ళ మీదే అని అవ్వ చెప్పేది, తను చూసొచ్చినట్టే. తర్వాత ఎప్పుడో ఒకసారి వచ్చాడట, ఒక టార్చి లైటు, తలనొప్పికి రాసుకునే కోడాలి తైలం నాలుగు సీసాలు తెచ్చాడట, నెల ఉండి పోయాడట. ఫోటో లేదు, ఉత్తరం లేదు. ఓడ పేరు మాత్రం అవ్వకి బాగా గుర్తు. అందుకే ఓడని పట్టుకున్నాను.

కార్డుల్లో నాకు నచ్చని సంగతి ఒకటుంది. కొత్తల్లో రజూలాకి ఐదు వేల మందికి పైగా డెక్ ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది. డెక్ అంటే గదీ మంచమూ ఉండవు, చాప పరుచుకుని మూటా ముల్లె తల కింద పెట్టుకుని పడుకోవడమే. కంపెనీ కార్డుల మీద చూడండి, నల్లటి ఒళ్ళు, తెల్ల గీత, నల్ల పొగగొట్టం మీద రెండు తెల్ల పట్టీలు, సముద్రం అద్దంలా. ఒక్క మనిషి కనపడడు. ఆ కార్డులు కొని రాసింది క్యాబిన్లో పోయినవాళ్ళు. నా దగ్గరున్న పదకొండింటిలో ఎనిమిది ఇంగ్లీషులోనే ఉన్నాయి, ఎండ బాగుంది, భోజనం బాగుంది, ఇవే మాటలు. మిగతా మూడూ ఖాళీ.

సరే, ఇవాళ్టి కార్డు. అమ్మినాయన ఆన్‌లైన్లో "రజూలా, చాలా అరుదు" అని పెట్టాడు, ఫోటోలో కింది అంచు కోసేసి ఉంది, అక్కడే అనుమానం రావలసింది. ఎనిమిది వందల యాభై. కవరు చింపి చూస్తే కింద సన్నటి అక్షరాల్లో రోనా అని ఉంది. నాకు ఒక్క క్షణం ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ చేస్తే ఆయన చాలా తీరిగ్గా, "రెండూ ఒకేలా ఉంటాయి కదా మేడం, తేడా ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. వాపసు తీసుకోడట. నాకు తెలుస్తుందయ్యా అని పెట్టేశాను, పెట్టేశాక ఇంకా నాలుగు మంచి మాటలు గుర్తొచ్చాయి.

రోనా కూడా 1926దే, రజూలాకి జంట ఓడ, అదీ ఈ దారిలోనే తిరిగింది. కానీ దాని రాత వేరు. యుద్ధంలో సైనికులను మోస్తుండగా 1943 నవంబరు 26న అల్జీరియా తీరం దగ్గర జర్మన్ విమానం రేడియోతో నడిపే బాంబు వేసింది. వెయ్యి మందికి పైగా అమెరికన్ సైనికులు పోయారు. చాలా కాలం ఆ సంగతి బయటికి చెప్పనేలేదు. కోపంలో ఉన్నా ఆ ఓడ బొమ్మ మీద గట్టిగా వేలు పెట్టబుద్ధి కాలేదు.

భూతద్దంతో చూశాను, చుక్కలు లేవు, అచ్చు వేసిన బొమ్మ కాదు, అసలు ఫోటో కార్డే. అదొక్కటీ ఊరట. వెనక్కి తిప్పితే స్టాంపు లేదు, ఎవరో స్టాంపులు పోగుచేసే మహానుభావుడు నీళ్ళలో నానబెట్టి ఊడదీసుకున్నాడు, దాంతోపాటు ముద్రలో సగం పోయింది. మిగిలింది ఏ, ఎన్, జి అనే మూడక్షరాల తోక. తారీఖు లేదు. స్టాంపువాళ్ళకి కార్డంటే అరిటాకు లెక్క, తిన్నాక పారేయడమే.

స్టాంపు ఊడిన చోటు పక్కన పెన్సిలుతో అరవంలో ఐదారు వరుసలు. నీళ్ళు తగిలిన చోట కాస్త అలుక్కుపోయింది. నాకు అరవం బస్సు బోర్డు వరకే వచ్చు. మా అత్త పుట్టిల్లు గుడియాత్తం, చదువంతా అరవంలోనే.

"అత్తా, ఇది కాస్త చదవండి."

కళ్ళద్దాలు తెచ్చుకుని, వెలుతురు కోసం గడప దాకా జరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. "సుఖంగా చేరినాము... పాపకు వాంతులు నిలిచినాయి... ఇక్కడ బియ్యం వేరే రుచి..." కాసేపు ఆగింది. "మేమొచ్చిన వాడ ఇది కాదు, ఇట్లాంటిదే. అంగట్లో ఈ బొమ్మే దొరికింది."

నేను మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ అదే చదివింది. ఇట్లాంటిదే అంటే రజూలా అనే రాసిపెట్టుకోవాలని మనసు లాగుతోంది, ఆల్బంలో కార్డు కింద చీటీ మీద పెన్సిలుతో 'ర' దాకా రాసి, చెరిపేశాను. రోనా అనే రాశాను.

"ఇంకా ఉంది, ఉండు" అంది అత్త. చివరి వరుస మూలకి ఇరికించి, అక్షరాలు చీమల్లా ఉన్నాయి. "ఎర్ర పెట్టె బీగం చెవి అక్కడే మరిచినట్టుంది. దీపం గూట్లో చూడు."

ఆఫీసుకి అరగంట లేటయ్యాను. సాయంత్రం వచ్చేసరికి అత్త చిక్కుడుకాయలు ఒలుస్తూ, నేను చెప్పులు విప్పకముందే అడిగింది, "పెట్టె వాళ్ళ దగ్గర, చెవి ఇక్కడ. పగలగొట్టి ఉంటారంటావా?"

పగలగొట్టే ఉంటారు అత్తా, పాప బట్టలన్నీ అందులోనే ఉంటాయి కదా, అన్నాను.