ఏడు బ్లేడ్ల మందం

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఒక స్పార్క్ ప్లగ్గును కాగితం మీద పెట్టుకుని కూర్చున్నాను. నిద్ర పట్టేలా లేదు.

నా ఎర్ర కారుకి ఇవాళ కొత్త కాయిల్స్ (ప్లగ్గులకు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేవి), ఇరీడియం ప్లగ్గులు పడ్డాయి. పాత కాయిల్స్ కనెక్టర్లలో పచ్చగా చిలుం పట్టి ఉంది. సముద్రం గాలిలో ఇన్నేళ్లు ఉంటే పట్టదా మరి. ఇప్పుడు ఐడ్లింగ్ ఎంత మెత్తగా ఉందంటే ఇంజన్ ఆగిపోయిందేమో అనిపిస్తోంది. సంతోషంగానే బయల్దేరాను.

హనుమంతవాక మీదుగా అడవివరం వెళ్లి సింహాచలం కొండెక్కించాను. ఎత్తులో మూడో గేర్లో కాలు పూర్తిగా నొక్కగానే మిస్సింగ్. రెండు కుదుపులు, పికప్ పోయింది. కాలు తీస్తే మళ్లీ మామూలే. అక్కడే పక్కకు ఆపి గ్యారేజీ కుర్రాడికి ఫోన్ చేసి, ప్లగ్గు గ్యాప్ (స్పార్కు దూకే సందు) ఎంత పెట్టావని అడిగాను.

"గ్యాప్ ఏటి సార్, బాక్స్‌లోంచి తీసిందే కదా. కంపెనీ సెట్టింగే. ఏటీ అవదు."

ఈ ఏటీ అవదు అన్న మాట సాయంత్రం నుంచి నన్ను తినేస్తోంది. ఇంజన్ కంప్యూటర్‌కి మ్యాప్ (కొత్త సెట్టింగులు) రాసినాయన ముందే చెప్పాడు: బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచాం, ప్లగ్గు ఒక మెట్టు చల్లది (వేడిని త్వరగా వదిలేది) వేయండి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకు తగ్గించండి అని. అది కాగితం మీద రాసి కుర్రాడి చేతికిచ్చాను. టర్బో గాలిని కూరేకొద్దీ సిలిండర్లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే అదే సందు దూకడానికి స్పార్కుకు ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో ప్లగ్గు సెకనుకు 50 సార్లు వెలగాలి. వాటిలో కొన్ని తప్పినా బండి తన్నుతుంది. ఇందాక బండి చల్లారాక కిందికి వెళ్లి ఒకటి విప్పి కొలిచాను. 1.1. చల్లటి ప్లగ్గే వేశాడు. గ్యాప్ మాత్రం చూడలేదు. కొలవడానికి ఒక్క నిమిషం చాలు!

నాన్న అయితే కొలవకుండా వేసేవాడా?

అరకు వెళ్తూ తైడ దగ్గర అంబాసిడర్ మొరాయించిన రోజు గుర్తొస్తోంది. అప్పుడు నేను ఏడో తరగతి. ఎత్తులో బండి లాగడం మానేసి చివరికి ఆగిపోయింది. నాన్న డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) మూత తీసి చూస్తే, స్పార్కు కోసం కరెంటును తెంచే పాయింట్ల మధ్య సందే లేదు. పాయింట్లను విప్పే కామ్ మీద రాసుకునే ఫైబరు ముక్క అరిగితే సందు మూసుకుపోతుంది, దాంతో స్పార్కు టైమింగ్ వెనక్కి జారుతుంది. ఉండాల్సింది 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.4 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. సందు కొలిచే ఫిల్లర్ గేజీ ఇంట్లో ఉండిపోయింది. నాన్న గడ్డం గీసుకునే డబ్బా తెరిచి నాలుగు బ్లేడ్లు తీశాడు. ఒక్కోటి 0.1, నాలుగు కలిపితే 0.4. బాబాయి ముందు నిలబడి ఇంజన్ తిప్పే హ్యాండిల్ అంగుళం అంగుళం తిప్పుతున్నాడు, నేను టార్చి పట్టుకున్నాను. పాయింట్లు బాగా విచ్చుకున్న చోట నాన్న ఆపమని, నాలుగు బ్లేడ్లూ ఒకదాని మీద ఒకటి పేర్చి మధ్యలో దూర్చి స్క్రూ బిగించాడు. వేలు కోసుకుంది. నెత్తురు చొక్కాకి తుడుచుకుని, "కొట్టు" అన్నాడు. మొదటి సెల్ఫుకే అందుకుంది. కాఫీ తోటల పక్కన ఆ ఇంజన్ చప్పుడు వింటూ అమ్మ మాకు పులిహోర పెట్టింది.

ఇదంతా ఆ కుర్రాడి మీద కోపంతోనే రాయడం మొదలుపెట్టాను. కానీ రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆ తెల్లవారుజామున గుమ్మం దగ్గర అమ్మ అడిగింది, బండి అన్నీ చూశారా అని. "మొన్ననే చూశాను, ఏమీ కాదు" అన్నాడు నాన్న. చూసి నెల పైనే అయి ఉంటుంది. ఇన్నేళ్లూ నాకు బ్లేడ్లు గుర్తున్నాయి, ఆ మాట గుర్తులేదు.

కుర్రాడి మీద కోపం పూర్తిగా పోలేదు. కాగితం మీద రాసిచ్చాను కదా. కానీ ఫోన్లో అరవాల్సింది కాదు. వాడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. రేపు పొద్దున వాణ్ని ఇంటికే రమ్మంటాను. ఇరీడియం మొన సన్నం, గేజీతో దాన్ని కెలకకుండా పైకొక్కేన్ని మాత్రమే ఎలా వంచాలో దగ్గరుండి చూపిస్తాను.

గేజీ నా దగ్గర ఉంది. అయినా ఇందాక బాత్రూంలోకి వెళ్లి బ్లేడ్లు లెక్కపెట్టాను. 0.7కి ఏడు కావాలి. ఐదే ఉన్నాయి.