వియ్యపురాలి ముందు అడిగిన ప్రశ్న

"ఎవులు పంపినారమ్మా నిన్ను? మా వియ్యపురాలు కూకున్న కాడ, పస్తున్నారా అని అడుగుతావేటి? మీ యమ్మనైతే నలుగుర్లో ఇలాగే అడుగుతావా?"

ఒడిశాలోని కాశీనగర్ వైపు, వంశధార ఒడ్డునున్న ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ నన్నన్న మాటలివి. కేకలేసి అనలేదు. చేటలో కందులు బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండా అంది. పక్కనే గోడకి చేరబడి కూర్చున్న వియ్యపురాలు కొంగు సర్దుకుని, పెరట్లో ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయింది. పెద్దావిడ మాట కంటే వియ్యపురాలు అలా లేచి వెళ్ళడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

నాది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లెటూరు. ఉద్యోగం ఒడిశా గజపతి జిల్లాలో, అద్దె గది పర్లాకిమిడిలో. తుఫానో వరదో లాక్‌డౌనో వచ్చినప్పుడు రైతు కుటుంబాలు ఏం తిన్నాయి, ఏం అమ్ముకున్నాయి, ఎవరి దగ్గర చెయ్యి చాచాయి అని ఇల్లిల్లూ తిరిగి అడిగి ట్యాబ్‌లో ఎక్కించడం మా పని. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఇటుపక్క ఉండిపోయిన తెలుగు ఊళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ ఊళ్ళకి నన్ను పంపుతారు. ఒడియా ఊళ్ళకి వేరే అమ్మాయి, కొండమీది సవర ఊళ్ళకి సవర మాట వచ్చిన కుర్రాడు. మనవాళ్ళ ఇళ్ళకేగా వెళ్ళేది, మాట్లాడ్డం ఎంతసేపు అనుకుని వచ్చాను.

ఆ రోజు నుంచీ ఆవిడతో మనసులో వాదిస్తూనే ఉన్నాను. ఆవిడకి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్రశ్న నేను కల్పించింది కాదు మామ్మా. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల్లో ఆఖరిది. చాలా దేశాల్లో అవే ఎనిమిది అడుగుతారు. మొదటిది మెత్తగా ఉంటుంది: తిండికి సరిపోదేమోనని దిగులు పడ్డారా? తర్వాత బలమైన తిండి దొరక్కపోవడం, ఒకటి రెండు రకాలతోనే సరిపెట్టుకోవడం, పూట మానేయడం, తగ్గించి తినడం, ఇంట్లో గింజలు అయిపోవడం, ఆకలేసినా తినకపోవడం. చివరికి, రోజంతా ఏమీ తినకుండా ఉండటం. ప్రతి ప్రశ్నకీ ముందు ఒక షరతు తగిలిస్తారు: డబ్బు లేకగానీ, మరో ఆధారం లేకగానీ. అడక్కపోతే ఆకలి లెక్కకి రాదు. లెక్కలో లేని ఊరికి బియ్యం బస్తా రాదు. సిగ్గుపడి చెప్పని ఊరికీ, నిజంగా ఆకలి లేని ఊరికీ కాగితం మీద తేడా కనపడదు. అందుకే అడుగుతాం.

నలుగుర్లో అడిగావన్నది కూడా తేల్చుకోవాలి. ఇంటివాళ్ళని విడిగా కూర్చోబెట్టి అడగమని మాకు శిక్షణలో చెబుతారు. పల్లెటూళ్ళో విడిగా అంటే ఎక్కడ? పంచలో పీట వేస్తారు. ట్యాబ్ తెరవగానే పక్కింటి వాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు, బడి వదిలితే బడి పిల్లలు. లోపలికి వెళ్దాం రండి అంటే, అంత రహస్యం ఏముందని అనుమానం. వచ్చిన చుట్టాన్ని కాసేపు లేచి వెళ్ళమనడం మన ఇళ్ళల్లో జరిగే పనేనా? వియ్యపురాలిని? కూతురిని ఇచ్చిన ఇల్లు, కోడలిని తెచ్చుకున్న ఇల్లు, ఈ రెండిటి ముందూ మనం ఎంత తల ఎత్తుకుని ఉంటామో నాకెవరూ చెప్పక్కర్లేదు. అప్పు చేసైనా సారె పెట్టే జాతి మనది. అలాంటిది తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది ఇంట్లో పొయ్యి వెలగని రోజు ఉందా అని వియ్యపురాలు వింటుండగా అడిగితే, లేదు అనడం తప్ప ఆవిడ ఏం చేస్తుంది? లేదనే అంది. నేను సున్నా నొక్కాను. ఆ తర్వాతే ఆ మాట అంది.

లేచి వచ్చేస్తుంటే ఇంకొకటి కూడా అంది. "ఏ ఊరు నీది?" అని అడిగి, చెప్పాక, "కిష్ణా జిల్లాయా! మూడు పూటలా తిన్నోళ్ళకి ఆకలెలాగుంటాదో అడిగితే తెలిసిపోద్దేటి?"

దీనికి మాత్రం నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. కృష్ణా డెల్టా అంటే కాలవలు, రెండు పంటలు, కంచంలో ముద్దపప్పు, ఆవకాయ, గడ్డపెరుగు అని ఇక్కడ అందరి లెక్క. నిజమే, నేను పెరిగిన ఇంట్లో పప్పు లేని పూట లేదు. ఇక్కడ సాయంత్రాలు గదిలో ఒక్కదాన్నే వండుకుంటున్నప్పుడు ఆ పప్పు తాలింపు వాసన కోసం ప్రాణం లాగుతుంది. కానీ దివిసీమ పిల్లకి ఆకలి సంగతి తెలీదనడం అన్యాయం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేల మందిని తీసుకుపోయింది. మా నాయనమ్మ ఆ రాత్రి సంగతి ఎన్నిసార్లు చెప్పేదో. నీళ్ళు ఎంత ఎత్తున లేచాయో, ఎవరు తాటిచెట్టు పట్టుకుని బతికారో, ఏ ఇంట్లో ఎంతమంది పోయారో పేరు పేరునా చెప్పేది. కానీ ఆ తర్వాత నెలల్లో ఏం తిన్నారో, ఎవరు పెడితే తిన్నారో ఒక్కనాడూ చెప్పలేదు. చావు గురించి చెప్పగలిగింది, పస్తు గురించి చెప్పలేకపోయింది. ఈ మామ్మ మీద వాదన మొదలుపెట్టిన ప్రతిసారీ మా నాయనమ్మ దగ్గరికొచ్చి ఆగిపోతున్నాను.

పెద్దావిడ చెప్పనిది ఆ ఇంటి కోడలు చెప్పింది. పంచలో కాదు. సాయంత్రం బోరింగు దగ్గర నేను సీసాలో నీళ్ళు పట్టుకుంటుంటే వచ్చి, "మేడమ్, అత్త మాట పట్టించుకోకండి" అంది. మరి కాసేపటికి మేడమ్ పోయి అక్క అయ్యాను. బిందె నిండింది, పక్కన పెట్టింది, రెండోది పెట్టలేదు. నేను ట్యాబ్ తియ్యలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఆంధ్రాలో ఉద్దానం జీడితోటలు, కొబ్బరితోటలు కూలిపోవడం మనవాళ్ళందరికీ గుర్తుంది. కొండకి ఇటుపక్క ఏమైందో ఎక్కువమందికి తెలీదు. ఈ జిల్లాలోనే బరఘర అనే ఊళ్ళో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. వంశధార పొంగి ఒడ్డు ఊళ్ళని ముంచింది. వీళ్ళ వరి అప్పుడు పొట్ట మీదుంది. నీళ్ళు తీశాక చూస్తే చేనంతా ఇసుక మేట.

"మామూలుగా పూటకి నాలుగు దోసిళ్ళు పోస్తామక్కా" అంది. రెండు అరచేతులూ కలిపి గిన్నెలా పట్టి చూపించింది. "ఆ దినాల్లో రెండు పోసేదాన్ని. మిగతాది నీళ్ళు. గంజి వార్చేది నేదు, గంజితోనే పోసేసేదాన్ని." ముందు మావకీ, మగడికీ. తర్వాత పిల్లలకి. గిన్నె అడుగున మిగిలింది అత్తా కోడళ్ళకి. అత్త రోజూ ఒకటే మాట అనేదట: "పొద్దున్న సోడంబలి తాగీసినాను, నాకు ఆకలి నేదు, నువ్వు తిను. పాలిచ్చే తల్లివి." పొద్దున్న ఆ రాగి అంబలి కాచింది ఈవిడే. ఎంత కాచిందో, ఎవరు తాగారో ఈవిడకి తెలుసు.

పిల్లల కోసం పెద్దవాళ్ళు తమ తిండి తగ్గించుకోవడం అన్నది మా పద్ధతిలో పెద్ద గుర్తు. కష్టకాలపు సర్దుబాట్లు అయిదింటిలో మిగతావాటికి ఒకటో రెండో మార్కులు వేస్తే, దీనికి మూడు వేస్తారు. ఆ ఇంట్లో అది నెలల తరబడి జరిగింది. పంచలో కూర్చుని నేను రాసుకున్నది సున్నా.

ఆ తర్వాత కోడలు చెప్పినది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఆ ఏడాది తుఫాను వెళ్ళిన కొన్ని వారాలకే కార్తీకం వచ్చింది. అత్త సోమవారాలు మొదలుపెట్టింది, ఎప్పుడూ ఉండేవే. వాటికి శనివారాలు కలిపింది. ఏకాదశులు కలిపింది. కార్తీకం వెళ్ళిపోయాక కూడా ఏదో మొక్కు ఉందంటూ కొనసాగించింది. ఊళ్ళో అందరూ ఆవిడ భక్తికి దణ్ణం పెట్టారు. వియ్యపురాలు కూడా.

షరతు గుర్తుందిగా: డబ్బు లేకగానీ, మరో ఆధారం లేకగానీ. దేవుడి కోసం తినకపోతే అది ఆకలి కింద లెక్క కాదు. అంటే ఆవిడ నాకు అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకి సరైన జవాబే చెప్పింది. ఇంటి పరువూ, పిల్లల కడుపూ రెండూ నిలబెట్టడానికి ఆవిడకి దొరికిన దారి ఉపవాసం. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా, ఎవరికీ జాలి పడే అవకాశం ఇవ్వకుండా. అంత గొప్పగా ఆకలిని మోసిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మా ఎనిమిది ప్రశ్నలూ ఆవిడ పక్కనుంచి వెళ్ళిపోయాయి, ఆవిడని తాకలేదు.

లాక్‌డౌన్ ఏడాది కథ వేరు, అది కోడలు తేలిగ్గానే చెప్పింది, దాంట్లో సిగ్గు లేదు కాబట్టి. ఇంట్లో ఆరుగురు. ఆహార భద్రత చట్టం కింద మనిషికి అయిదు కిలోల చొప్పున నెలకి 30 కిలోలు. రోజుకి రెండు కిలోలు వండితే పదిహేను రోజులు. 2020 ఏప్రిల్ నుంచి ఇంకో అయిదేసి కిలోలు ఉచితంగా ఇచ్చారు కాబట్టి నెలంతా బియ్యానికి లోటు రాలేదు. కానీ చెన్నైలో పనిచేసే మగడు అక్కడే చిక్కుకుపోయాడు, డబ్బు ఆగిపోయింది. వారంలో ఏ రకం తిండి ఎన్ని రోజులు తిన్నారో చూసి మార్కులు వేసే లెక్క ఒకటి మాకుంది: ఏడు రోజులూ అన్నం తింటే 14, కూరలు 7, నూనె 3.5, పప్పు రెండు రోజులుంటే 6. మొత్తం 30.5. ఇక్కడిలా రోజూ నూనె వాడే చోట 28 దాకా అధ్వాన్నం, 42 దాటితే ఫరవాలేదు. ఆ మధ్యలో పడ్డారు. పులుసులో రుచికి వేసిన చిటికెడు ఎండుచేప, చేప కింద లెక్కకి రాదు, మసాలా కింద పోతుంది. ఆ ఎండుచేప ముక్క ఎవరి కంచంలో పడింది, ఎవరు వాసనతో సరిపెట్టుకున్నారు అన్నది ఇంటి మొత్తానికి వేసే అంకెలో కనపడదు.

పర్లాకిమిడిలో ఉంటే గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తు రాకుండా ఉండరు. ఇక్కడ బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవరల మాట నేర్చుకుని, వాళ్ళకి పుస్తకాలు, నిఘంటువు తయారుచేశారు. ఆ కొండల్లో మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి, వినికిడి పోగొట్టుకున్నారు. ఒక మనిషి గురించి తెలుసుకోవడానికి అంత కాలం పెట్టారాయన. మాకు ఇంటికి ముప్పావు గంట ఇస్తారు. అంతలోనే పేరు, భూమి, పశువులు, అప్పు, ఆకలి.

ప్రశ్నలు అడగకూడదని నేను అనను. పైన చెప్పినదంతా ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ కొన్ని మారాలి. ఆకలి ప్రశ్నలు ఇంటిపెద్దని పంచలో కాకుండా, గింజలు కొలిచి ఎసట్లో పోసే మనిషిని, ఆవిడ పనిచేసుకునే చోట అడగాలి. ముందు రోజు వెళ్ళి మాట్లాడి, మర్నాడు ట్యాబ్ తియ్యాలి. సర్వే పుష్యమాసంలో పెట్టకూడదు. సంక్రాంతికి గాదె నిండుగా ఉన్నప్పుడు గత ఏడు రోజులు ఏం తిన్నారంటే ఎవరైనా బాగానే తిన్నామంటారు. కొండమీద చోళ్ళూ సామలూ అయిపోయి కొత్త పంట రాని శ్రావణ భాద్రపదాల్లో పెట్టాలి. దారి బురదగా ఉంటుందన్నది సాకు కాదు.

ఇవన్నీ రాసి పైవాళ్ళకి పంపాను. వీటితోపాటు తొమ్మిదో ప్రశ్న ఒకటి కలపమని అడిగాను: ఆ నెలలో ఇంట్లో ఎవరెవరు ఉపవాసాలున్నారు, సాయంత్రం నక్షత్రం చూశాక ఏం తిన్నారు? మొక్కు కోసం ఉన్న మనిషైతే అప్పుడు తింటుంది.