పోగ్ అంటే గుంటడే

మే నెలలో ఒక శనివారం పొద్దున లుండ్‌లో ఊదారంగు లోకల్ రైలెక్కాను. దక్షిణ స్వీడన్‌లోని స్కోనె ప్రాంతంలో తిరిగే ఈ రైళ్లను 'పోగతోగ్' అంటారు. కుర్రాణ్ని స్టాక్‌హోంలో 'పొయ్కె' అంటే ఇక్కడ 'పోగ్' అంటారు. అంటే ఇది కుర్రాళ్ల రైలు. మా శ్రీకాకుళంలో గుంటడు అంటాం. ఆ ఒక్క మాటకి హైదరాబాద్ హాస్టల్లో నన్ను ఏడాదంతా ఏడిపించారు. ఇక్కడివాళ్లు అలాంటి మాటని ఏకంగా రైళ్లకే పెట్టుకున్నారని తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది.

నేను వెళ్తున్నది పెప్స్ పేర్సన్ ఊళ్లు చూడటానికి. 1946లో పుట్టి, ష్యోర్నార్ప్‌లో పెరిగిన గాయకుడు, గిటారిస్టు ఆయన. వాయించింది బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం. మొదట్లో ఇంగ్లీషులోనే పాడేవారు. 1972లో షికాగో వెళ్లి అక్కడి బ్లూస్ వాద్యగాళ్లతో కలిసి ఆల్బమ్ చేసొచ్చారు. అంత దూరం వెళ్లొచ్చిన మనిషి, తర్వాత తన ఊరి యాసకే తిరిగొచ్చారు. జమైకా సంగీతం రెగ్గేని కూడా ఆ యాసలోనే పాడారు.

హోర్ దాటాక ఆవాల జాతి రేప్‌సీడ్ పసుపు పూల చేలు పోయి అడవి మొదలైంది. ఇయర్‌ఫోన్స్‌లో ఆయన గొంతు. స్కోనెవాళ్లు 'ర'ని నాలుక కొసతో కాదు, గొంతులోంచి పలుకుతారు. దీర్ఘాలు తిన్నగా సాగవు, మధ్యలో ఒంగి ఇంకో అచ్చులోకి జారతాయి. గిటార్ తీగని వేలితో పక్కకి లాగితే స్వరం జారేది కూడా అచ్చం అలాగే. బ్లూస్ ఈ యాస కోసమే పుట్టిందేమో అనిపించింది నాకు.

ష్యోర్నార్ప్‌లో చెరువు దగ్గర కాసేపు కూర్చుని, హెస్లెహోల్మ్‌లో రైలు మారి విట్‌ష్యో చేరాను. 2021లో ఆయన కన్నుమూసింది ఇక్కడే. ప్లాట్‌ఫారం బెంచీ మీద ఒక పెద్దావిడ ఉన్నారు. ఎవరి కోసం వచ్చావని అడిగితే చెప్పాను. "మా పెప్స్ కోసమా!" అని పక్కన చోటిచ్చారు.

నా చేత 'పోగ్' అనిపించారు. "పెదాలు ఇంకా గుండ్రంగా పెట్టు" అని మూడుసార్లు దిద్దారు. మీ ఊళ్లో ఏమంటారని అడిగారు.

"గుంటడు" అన్నాను.

ఆవిడ ఆ 'ట' దగ్గర ఆగి, నాలుక మడిచి, మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. రైలు వచ్చి ఆగేసరికి "గుంటడు" అని స్పష్టంగా పలికారు.