సాగర్ కంటే పెద్ద నీళ్లు

హాలియా దగ్గర మా ఊరి హైస్కూల్లో సముద్రం పాఠాలు మొదలుపెట్టిన తొలిరోజు పిల్లల్ని ఒకటే అడిగాను, సముద్రం ఎంత ఉంటుందని. ఏడో తరగతి పిల్ల లేచి "సాగర్ అంత ఉంటది టీచర్" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. మాకు సాగర్ అంటే నాగార్జునసాగరే. 26 గేట్లు ఎత్తారని తెలిస్తే ఊళ్లకు ఊళ్లు ఆటోలు మాట్లాడుకుని పోయి చూసొస్తాం. అంతకంటే పెద్ద నీళ్లు మా పిల్లలు చూడలేదు. నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది కూడా నలభై దాటాకే. అప్పటికి పద్నాలుగేళ్లుగా బయాలజీ చెప్తున్నాను. బోర్డు మీద తిమింగలం బొమ్మ వేసిన ప్రతిసారీ ఏదో కొరతగానే ఉండేది.

2022లో రిటైరయ్యాను. మరుసటి ఏడాది ఎండాకాలం మొదట్లో విశాఖలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, ఒక తెల్లవారుజామున బీచ్‌లో ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లల్ని వదులుతుంటే చూశాను. ఒక్కోటి నా అరచేతిలో సగం కూడా లేదు. అందులో ఒకటి నా చెప్పు అచ్చులో పడి ఎక్కలేక జారిపోతోంది. తీద్దామని వంగాను. పక్కనున్న వాలంటీరు అమ్మాయి "వద్దాంటీ, దాన్నే నడవనివ్వండి" అంది. ఎంతసేపు పట్టిందో తెలియదు, అది పైకెక్కి నీళ్ల దాకా పోయేవరకు నా కాళ్లు కదల్లేదు. ఆ తాబేలు పిల్లల్లో ఆడవి పెద్దయ్యాక గుడ్లు పెట్టడానికి మళ్లీ తాము పుట్టిన తీరం వైపే వస్తాయట. ఊరికి తిరిగొచ్చేటప్పుడు రైలంతా ఒకటే ధ్యాస, దీన్ని మా బడి పిల్లలకు ఎట్లా చూపించాలని.

హెడ్మాస్టరు గారు శనివారం చివరి రెండు పీరియడ్లు, పాత స్టోర్ రూము ఇచ్చారు. పిల్లలే బూజు దులిపి, తలుపు మీద చాక్‌పీసుతో "సముద్రం గది" అని రాశారు.

మొదటి పాఠం ఉప్పు. పది లీటర్ల బకెట్ నీళ్లలో 350 గ్రాముల ఉప్పు తూచి కలిపాం. సముద్రపు నీళ్లలో సుమారుగా ఉండేది అంతే, లీటరుకు 35 గ్రాములు. అందరూ వేలు ముంచి నాకి, మొహాలు వికారంగా పెట్టి ఉమ్మారు. ఒకడు అడిగాడు, "ఉప్పు ఎవలు కలిపిండ్రు టీచర్?" వేరే జిల్లాలో అయితే ఈ జవాబు చెప్పడం కష్టమయ్యేదేమో. మా దగ్గర సులువు. మా బోరు నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎట్లా వచ్చిందో నల్లగొండ పిల్లలకు తెలుసు. రాయిలో ఉన్నది కొంచెం కొంచెం కరిగి నీళ్లలోకి దిగింది. తాతల వంగిన మోకాళ్లు ఇంట్లో చూస్తున్నారు. వాన నీళ్లు రాళ్లను అట్లాగే కొద్దికొద్దిగా కరిగిస్తాయి, నదులు ఆ లవణాలన్నీ తీసుకుపోయి సముద్రంలో పోస్తాయి. నీళ్లు ఆవిరై మళ్లీ వానవుతాయి కానీ ఉప్పు అక్కడే ఉండిపోతుంది. మన కృష్ణ కూడా హంసలదీవి దగ్గర చేస్తున్నది అదే అన్నాను. గది కాసేపు నిశ్శబ్దంగా ఉంది.

నీలి తిమింగలం 30 మీటర్ల దాకా ఉంటుందంటే నమ్మకపోతే, గ్రౌండులో ముగ్గుపిండితో గీసి చూపించాం. ఆ రోజు బడి బడంతా దాని కడుపులోనే కూర్చుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం మాత్రం సముద్రపు నురుగుది. మూలికల దుకాణంలో ఆ పేరుతో తెల్లటి పెళుసు బిళ్లలు అమ్ముతారు, చూసే ఉంటారు. అది నురుగు కాదు. కటిల్ ఫిష్ అనే జీవి ఒంట్లో ఉండే పెంకు. పేరులో ఫిష్ ఉన్నా చేప కాదు, నత్తల చుట్టం. బిళ్లను అడ్డంగా విరిచి భూతద్దంలో చూస్తే పల్చటి పొరలు అంతస్తుల్లా కనిపిస్తాయి. ఆ అరల్లో గాలి, నీరు పాళ్లు మార్చుకుంటూ అది నీళ్లలో పైకీ కిందికీ పోతుంది. పలక మీద గీస్తే బలపంలా రాస్తుంది. దాని పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా బుస్సుమని పొంగుతుంది. అందులో ఉన్నది సున్నమే.

తర్వాత పిల్లల్ని లేపి, వాళ్లు కూర్చున్న షాబాదు బండను ఒక మూల మేకుతో గీకమన్నాను. ఆ పొడి మీదా నిమ్మరసం పిండాం. చిన్న చిన్న బుడగలు లేచాయి. పిల్లలు బుర్రలు ఢీకొనేలా వంగారు. ఆ బండ సున్నపురాయి. కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి రాయయింది. మా పాత జిల్లాలో మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది కూడా అటువంటి రాయి కోసమే. "అంటే మనం సముద్రం మీద కూసున్నమా?" అంది ఆ ఏడో తరగతి పిల్లే. "సముద్రం అడుగు మీద కూర్చున్నారమ్మా" అన్నాను.

వెనక నుంచి ఒకడు, "మరి ఇండ్ల గవ్వలేవి?" అని నిలదీశాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో అంత మంచి ప్రశ్న చాలా తక్కువసార్లు విన్నాను. ఆ బురద పేరుకునే నాటికి గవ్వలున్న జీవులు ఇంకా పుట్టనే లేదని చెప్పాను. వాడు బండను అరచేత్తో తడిమి చూశాడు.

తీర్థయాత్రలకు పోయే తెలిసినవాళ్లు పగడపు ముక్కలు, ఎండిన సముద్రగుర్రాలు తెచ్చిస్తామంటారు. పిల్లల కోసమే అయినా వద్దంటాను. వాటికి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. అమ్మడమూ కొనడమూ నేరం.

వచ్చే శనివారం తాబేలు పాఠం. తాబేలు గుడ్డు పింగ్‌పాంగ్ బంతంత ఉంటుంది, ఒక గూట్లో వంద దాకా పెడుతుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర వెతికితే అరవై బంతులు దొరికాయి. మిగతావి పిల్లలు బంకమట్టితో చేస్తున్నారు. ప్రహరీ కట్టగా మిగిలిన ఇసుక కుప్ప బడి వెనక ఉంది. మూరెడు లోతు గుంతను చేతుల్తోనే తవ్వాలి, పార ముట్టుకోవద్దని చెప్పాను.