రిజిస్టర్ తన చేతిలో పెట్టాను

అందరూ పడుకున్నారు. నాకే పొద్దున జరిగింది వదలడం లేదు.

కొత్తమ్మాయి గురించి మొన్న రాశాను కదా, రోలర్ ట్రైనింగ్ పూర్తిచేసుకుని వచ్చిందని. ఇవాళే మొదటిసారి తారు పని దగ్గరికొచ్చింది. టిప్పర్ కనబడగానే రోలర్ వైపు నడిచింది. నేనే వెనక్కి పిలిచాను. "నువ్విక్కడుండమ్మా, టెంపరేచర్లు రాయి" అని థర్మామీటరూ రిజిస్టరూ చేతిలో పెట్టాను. "సరే మేడమ్" అంది. మళ్ళీ రోలర్ వైపు చూడలేదు.

ఇచ్చిన గ్లవ్స్ కూడా తన చేతికి సరిపోలేదు. వేళ్ళ చివర బొటనవేలంత ఖాళీ వేలాడుతోంది. పెన్ను పట్టుకోవాలంటే తీయాలి, టిప్పర్లో వచ్చే తారూ కంకరా కలిపిన మిక్స్‌లో థర్మామీటర్ గుచ్చాలంటే తొడుక్కోవాలి. మిక్స్ 150 డిగ్రీల దగ్గరుంటుంది. చిన్న సైజులు తెప్పించమని ఎన్నిసార్లు అడిగానో! సేఫ్టీ జాకెట్టూ అంతే, మోకాళ్ళదాకా వచ్చి లివర్లకి తగులుకుంటుంది. ఇక బాత్రూమ్ సంగతి. పని రోజంతా ముందుకు జరుగుతూనే ఉంటుంది, అది మాత్రం పొద్దున దించినచోటే ఉండిపోతుంది. మధ్యాహ్నానికి అక్కడిదాకా నడిచి వచ్చే టైముండదు. అందుకని ఆడవాళ్ళం నీళ్ళు తాగడం మానేస్తాం, అంత వేడి పక్కన నిలబడి! ఈ మాట మీటింగులో చెబితే అందరూ తలలు దించుకుంటారు, తర్వాత ఇంకో విషయంలోకి వెళ్ళిపోతారు. "పొగ ఆడవాళ్ళకి మంచిది కాదు" అని మాత్రం గట్టిగానే చెబుతారు. పొగ ఎవరికి మంచిది? రోడ్డు వేసేటప్పుడు వచ్చే తారు పొగని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బీ వర్గంలో పెట్టింది, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో. అది మనిషిని చూసి రాదు. తక్కువ వేడిలో తయారయ్యే వార్మ్ మిక్స్ వాడితే వేడీ పొగా రెండూ తగ్గుతాయి, అందరికీ.

అసలు ఇవాళ్టి బాధ ఇది కాదేమో.

నేను మొదటిసారి రోలర్ ఎక్కిన రోజు గుర్తొస్తోంది. నేను బాబాయ్ అని పిలిచే ఆపరేటర్ ఎక్కించారు. "మనిషి నడిచినట్టు నడిపించు. డ్రమ్ముకి నీళ్ళు ఆగనివ్వకు. వేడి మీద మాత్రం ఆపకు." రెండో రౌండులోనే కంగారుపడి ఆపేశాను. డ్రమ్ము కింద అడ్డంగా గుంట పడింది. నా కాళ్ళు వణికాయి. ఆయన కేకెయ్యలేదు. పక్కన నిలబడి, "ఏటవాలుగా తిప్పి దాని మీదుగా పోనీ, చల్లారకముందే" అన్నారు. మూడుసార్లు పోనిచ్చాక గుంట కనబడలేదు. సాయంత్రం లాగ్‌బుక్‌లో ఆ గంటన్నర నా పేరు మీదే రాశారు. ఆపరేటర్ ఉద్యోగం ఎవరిచ్చినా ముందు చూసేది ఆ గంటలే.

గ్లవ్సూ బాత్రూమూ లేకపోయినా రోలర్ మీద సీటు దొరికింది కాబట్టే నిలబడ్డాను అని ఇక్కడ రాయబోయాను. అదీ తప్పే. నాతోపాటు చేరిన ఇద్దరికీ సీటు దొరికింది. నీళ్ళు తాగక జబ్బుచేసి, ఏడాది తిరక్కుండానే మానేశారు. రెండూ కావాలి.

మరి నేనెందుకు రిజిస్టర్ ఇచ్చాను? గుంట పడితే "ఆడపిల్లకిస్తే ఇంతే" అంటారని భయపడ్డాను. కుర్రాడు చేస్తే అది ఒక్క గుంట. తను చేస్తే మా అందరి లెక్కలో పడుతుంది. ఆ మాట పడకుండా కాపాడదామనుకుని తన గంటలు నేనే తీసేశాను.

తను మాత్రం రిజిస్టర్ ఎంత శ్రద్ధగా రాసిందో! ఐదో టిప్పర్లో ఓ మూల మిక్స్ గట్టిపడుతోందని తనే పట్టుకుంది. వేడి అంత తెలిసిన మనిషే రోలర్ మీద ఉండాలి.

ఇప్పుడే ఫోర్‌మన్ గారికి మెసేజ్ పెట్టాను. ముందు, అందరికంటే చివర వెళ్ళే ఫినిషింగ్ రోలర్ అని రాసి చెరిపేశాను. అక్కడ పడిన గుంట ఉండిపోతుంది. మిక్స్ పరిచే పేవర్ వెనకాలే వెళ్ళే మొదటి రోలర్ కింద పడితే వెనకవాళ్ళు సరిచేయగలరు. అందుకే, "రేపు మొదటి రోలర్ మీద ఆ అమ్మాయి, పక్కన మీరు. గంటలు తన పేరు మీదే రాయండి. టెంపరేచర్లు నేను చూసుకుంటాను" అని పంపాను.

నా పాత గ్లవ్స్ ఒక జత బీరువాలో ఉండాలి. చిన్న సైజువే. వెతకాలి.